గ్రామసభ పోయిన ఊళ్లో వార్డు ఓటు

పల్లెను పట్టణ పంచాయతీ చేశారనగానే ఇంటింటా మొదట వినిపించే మాట కందాయం ఎంత పెరుగుతుందోనన్నది. ఆ వెంటనే, ఉపాధి హామీ పని ఉంటుందా ఊడుతుందా అన్నది. రెండు భయాలకూ ఆధారం ఉంది. గ్రామీణ ఉపాధి పథకం పట్టణ హద్దుల్లోకి రాదు. ఇంటిపన్ను లెక్కగట్టే పద్ధతీ మారుతుంది. కానీ ఆ రోజు ఊరు పోగొట్టుకునేది ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. అది గ్రామసభ. కర్ణాటక పంచాయతీరాజ్ చట్టం కింద పల్లెలో ఓటున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. లేచి నిలబడి లెక్క అడగవచ్చు, ఇళ్ల జాబితాలో అనర్హుడి పేరుంటే వేలెత్తి చూపవచ్చు. ఊరు పట్టణమయ్యాక అలాంటి సభ ఉండదు. వార్డు కమిటీలు వేయాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెబుతుంది గానీ, 3 లక్షలూ అంతకు మించిన జనాభా ఉన్న నగరాలకే అది తప్పనిసరి. బళ్లారి నగరం ఆ లెక్కలోకి వస్తుంది, చిన్న పట్టణాలు రావు. కాబట్టి కొత్తగా పట్టణమైన ఊళ్లో మామూలు మనిషికి పాలన మీద మిగిలే పట్టు వార్డులో వేసే ఓటు, ఆ వార్డులో తానే నిలబడే హక్కు. అసెంబ్లీ ఎన్నికకు చిన్న నకలుగా వార్డు ఎన్నికను చూసే అలవాటు మనకుంది. అది తప్పని నేను అనుకుంటున్నాను. గ్రామసభ మోసిన బరువును కూడా ఇప్పుడు వార్డు ఎన్నికే మోయాలి.

బళ్లారి జిల్లా కుడతినిని చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. బళ్లారి నుంచి హోస్పేటకు పోయే రహదారి మీదా రైలుదారి మీదా ఉన్న ఈ ఊరు ఒకప్పుడు గ్రామ పంచాయతీ, ఇప్పుడు పట్టణ పంచాయతీ. ఊరి పక్కనే కర్ణాటక పవర్ కార్పొరేషన్ వారి బళ్లారి థర్మల్ విద్యుత్ కేంద్రం, మూడు యూనిట్లు కలిపి 1,700 మెగావాట్లు. ఇంకొంచెం ముందుకు పోతే తోరణగల్లులో జిందాల్ ఉక్కు కర్మాగారం. 2010 ప్రాంతంలో కొత్త ఉక్కు కర్మాగారాలు వస్తాయంటూ పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి మండలి కుడతినిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ వేల ఎకరాలు సేకరించింది. ఆర్సెలర్‌మిట్టల్ కోసమని తీసుకున్న నేలలో ఉక్కు కర్మాగారం లేవలేదు. న్యాయమైన పరిహారం, ఉద్యోగాలు కావాలని భూములిచ్చిన రైతులు 2022 డిసెంబరులో కుడతినిలో ధర్నాకు కూర్చున్నారు. ఊరి బతుకును మార్చిన పెద్ద నిర్ణయాల్లో ఒక్కటి కూడా ఊళ్లో జరగలేదు. కొన్ని బెంగళూరులో జరిగాయి, కొన్ని అంతకంటే దూరాన. ఇలాంటి చోట, ఊరి చేతిలో మిగిలిన కాస్త అధికారం ఎక్కడుందో వెతికి పట్టుకోవడం అవసరం.

పరిశ్రమల మధ్య ఉన్న ఊరికి పురపాలక ఓటు దానంతటదే వచ్చేది కాదని కూడా గుర్తుంచుకోవాలి. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రతి పట్టణానికీ ఎన్నికైన సభ ఉండాలంది. పల్లె నుంచి పట్టణంగా మారుతున్న ఊళ్లకు నగర పంచాయతీ అనే రూపాన్ని కల్పించింది. కర్ణాటకలో దాన్నే పట్టణ పంచాయతీ అంటారు. కానీ అదే 243క్యూ అధికరణంలో ఒక మినహాయింపు ఉంది. ఏదైనా పారిశ్రామిక సంస్థ పౌరసేవలు అందిస్తున్న ప్రాంతాన్ని గవర్నరు పారిశ్రామిక పట్టణంగా ప్రకటిస్తే అక్కడ మునిసిపాలిటీ పెట్టనక్కర్లేదు. జంషెడ్‌పూర్ ఆ దారిన నడిచిన నగరం. కొళాయిలు బాగుంటాయి, రోడ్లు బాగుంటాయి. లక్షల జనం ఉన్నా వాటి మీద ఓటేసి దింపగలిగే కౌన్సిలర్ ఉండడు. కుడతినికి ఆ గతి పట్టలేదు. ఇక్కడ కొళాయి నీళ్లు రాకపోతే, వీధిలో మురికి కాలువ పొంగితే, అడగడానికి ఓట్లతో గెలిచిన మనిషంటూ ఒకరుంటారు. సౌకర్యం తక్కువైనా ఈ ఏర్పాటే మేలని నా అభిప్రాయం.

ఇక అంకెలు చూద్దాం. పదివేల నుంచి ఇరవై వేల దాకా జనం ఉన్న ఊళ్లను కర్ణాటకలో పట్టణ పంచాయతీలు చేస్తారు. వార్డులు ఇరవైకి అటూ ఇటూ ఉంటాయి. అంటే వార్డుకు వెయ్యి లోపే ఓట్లు. పోలైన ఓట్లు ముగ్గురు అభ్యర్థుల మధ్య చీలితే రెండు మూడు వందల ఓట్లతో కౌన్సిలర్ అయిపోవచ్చు. లక్షల ఓట్లున్న అసెంబ్లీ స్థానంలో కూడా ఒక్క ఓటు తేడాతో ఓడినవారున్నారు: 2004లో కర్ణాటకలోని సంతేమరహళ్లిలో ధ్రువనారాయణకు 40,752, కృష్ణమూర్తికి 40,751. అక్కడ అది చరిత్రలో నిలిచిపోయిన అరుదైన ఘటన. వార్డులో పది పదిహేను ఓట్ల తేడా మాత్రం అంత వింత కాదు. ఒక ఉమ్మడి కుటుంబం, ఒక అద్దె ఇళ్ల వరుస ఓటేయడానికి పోకపోతే ఫలితం తారుమారయ్యే ఎన్నిక ఇది. 2020 డిసెంబరు 1న గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో ఓటేసినవారు 46.55 శాతమే. అంత పెద్ద నగరంలో ఒక ఓటు ఏం తేల్చుతుందన్న నిరాశ కొంతవరకు అర్థమవుతుంది. కుడతిని లాంటి ఊళ్లో ఆ సాకు చెల్లదు.

ఒక్క వార్డు ఒక పట్టణాన్ని ఎలా తిప్పేస్తుందో సరిహద్దుకు ఆవల, అనంతపురం జిల్లా తాడిపత్రిలో 2021 మార్చిలో చూశాం. ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ పట్టణాలన్నీ దాదాపు ఒకే పార్టీ వైపు పోయాయి. తాడిపత్రిలో 36 వార్డులుంటే తెలుగుదేశానికి 18, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 16, సీపీఐకి 1, ఇండిపెండెంటుకు 1 వచ్చాయి. ఎమ్మెల్యే, ఎంపీ ఎక్స్అఫీషియో ఓట్లు కలిస్తే వైఎస్సార్ కాంగ్రెస్ బలమూ 18కి చేరింది. రెండు పెద్ద పక్షాలు సమానం. అప్పుడు పట్టణం భవిష్యత్తు ఎవరి చేతిలో ఉంది? రెండు వార్డుల నుంచి గెలిచిన ఇద్దరు మనుషుల చేతిలో. సీపీఐ సభ్యుడు, ఇండిపెండెంటు తెలుగుదేశం వైపు మొగ్గడంతో ఆ పార్టీకి చెందిన జేసీ ప్రభాకర్‌రెడ్డి మార్చి 18న ఛైర్మన్ అయ్యారు. తెలుగుదేశం గెలిచిన వార్డుల్లో ఒక్కటి అవతలి పార్టీకి పోయి ఉంటే లెక్క 19కి 19 అయ్యేది. అంటే ఏదో ఒక వీధిలో కొద్దిమంది ఆ రోజు పనికి పోయి సాయంత్రం ఆలస్యంగా తిరిగొచ్చి ఉంటే, రాష్ట్రమంతా చెప్పుకున్న ఆ ఫలితమే వేరుగా ఉండి ఉండవచ్చు. ఎవరు గెలవడం మంచిదన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. కౌన్సిలర్ ఓటు ఎంత బరువైనదో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన లెక్క నాకు దొరకలేదు.

ఓటు వేయాలంటే ముందు పేరుండాలి, పేరు సరైన వార్డులో ఉండాలి. అసెంబ్లీ ఓటర్ల జాబితానే వార్డుల వారీగా విడదీసి పురపాలక జాబితా తయారుచేస్తారు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అసెంబ్లీ ఎన్నికలో ఓటేశాం కదా అని ధీమాగా ఉంటారు. తీరా చూస్తే ఇంట్లో ఇద్దరి పేర్లు ఒక వార్డులో, మిగతా ఇద్దరివి పక్క వార్డులో ఉంటాయి. ముసాయిదా జాబితా అంటించిన రోజుల్లోనే పోయి చూసుకుని అభ్యంతరం రాసివ్వాలి, పోలింగ్ రోజు గొడవపడితే లాభం లేదు. థర్మల్ కేంద్రంలోనూ ఉక్కు కర్మాగారంలోనూ కాంట్రాక్టు పనికి వచ్చి ఏళ్ల తరబడి అద్దె ఇళ్లలో ఉంటున్నవారి సంగతి వేరే చెప్పాలి. చట్టం చూసేది సొంత ఇల్లుందా లేదా అని కాదు, మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారన్నదే. ఇక్కడ నీళ్లు తాగుతూ, ఇక్కడి కాలువ వాసన భరిస్తూ, ఓటు మాత్రం కర్నూలు వైపో రాయచూరు వైపో సొంతూళ్లో ఉంచుకుంటే, ఇక్కడి కౌన్సిలర్‌కు వాళ్ల వీధి లెక్కలోకి రాదు. సొంతూరి మీద మమకారాన్ని తప్పుపట్టను. కానీ ఓటు ఉండవలసింది మనిషి బతుకుతున్న చోట.

పోటీ చేయడం అంతకంటే పెద్ద విషయం, కానీ జనం అనుకునేంత కష్టం కాదు. 21 ఏళ్లు నిండి ఉండాలి, ఆ పట్టణం ఓటర్ల జాబితాలో పేరుండాలి, రిజర్వు వార్డైతే కుల ధ్రువపత్రం ఉండాలి. ఆస్తులూ కేసుల వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలి. పట్టణ పంచాయతీతో కాంట్రాక్టు పనులున్నవారు, దానికి పన్ను బకాయిపడినవారు ముందే ఆ ముడి విప్పుకోవాలి, లేకపోతే పరిశీలనలో నామినేషన్ పోతుంది. నోటిఫికేషన్ నుంచి ఓట్ల లెక్కింపు దాకా అంతా మూడు నాలుగు వారాల్లో ముగిసిపోతుంది కాబట్టి, ఆ తర్వాత కాగితాలు సర్దుకుందామంటే కుదరదు. సరిహద్దు తెలుగువారికి ఇంకో చిక్కుంది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోగా బళ్లారి తాలూకా మైసూరులో కలిసింది. అప్పటి నుంచి ఇక్కడి తెలుగువారు చూసే వార్తల్లో సగం ఆ రాష్ట్రంవి, నడిచే చట్టం ఈ రాష్ట్రానిది. ఇద్దరు పిల్లల కంటే ఎక్కువుంటే పోటీకి అనర్హులన్న నిబంధన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు మూడు దశాబ్దాలుండి 2024లో రద్దయింది. కర్ణాటక పురసభల ఎన్నికల్లో అలాంటి నిబంధన లేదు. బంధువులు చెప్పిన మాట విని ఇక్కడ ఎవరైనా వెనక్కి తగ్గితే అది ఉత్త పుణ్యానికి పోగొట్టుకున్న అవకాశం.

డబ్బున్నవాడిదే గెలుపు, పార్టీ టికెట్ లేకపోతే డిపాజిట్ దక్కదు అనే మాట గట్టిగా వినిపిస్తుంది. ఇందులో నిజం లేకపోలేదు. కర్ణాటకలో గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. పట్టణ పంచాయతీ కాగానే గుర్తులొస్తాయి, గుర్తులతోపాటు ఖర్చూ వస్తుంది. 2018 ఎన్నికల్లో పట్టణ పంచాయతీ అభ్యర్థి ఖర్చుకు లక్ష రూపాయలు హద్దుగా పెట్టారు. ఆ హద్దును ఎంతమంది నిజంగా పాటించారని అడిగితే ఊళ్లో ఎవరైనా జవాబు చెబుతారు. అయినా ఫలితాలు మరోవైపు కూడా చూపిస్తున్నాయి. 2021 డిసెంబరులో కర్ణాటకలో 58 పట్టణ సంస్థలకు ఎన్నికలు జరిగితే 1,184 వార్డుల్లో కాంగ్రెస్‌కు 498, బీజేపీకి 437, జనతాదళ్‌కు 45 వచ్చాయి. మిగిలిన 204 వార్డులు ఇండిపెండెంట్లకూ చిన్న పార్టీలకూ దక్కాయి. దాదాపు ఆరింట ఒకటి. అదే ఏడు ఏప్రిల్‌లో గనుల డబ్బుకు పేరుమోసిన బళ్లారి నగరంలోనే 39 వార్డుల్లో అయిదింట ఇండిపెండెంట్లు గెలిచారు. పెద్ద పార్టీల గుర్తు లేకుండా అసెంబ్లీకి ఈ నిష్పత్తిలో ఎవరూ పోలేరు. వార్డు చిన్నది కాబట్టే ఇది సాధ్యం: వెయ్యి గడపలు తొక్కాల్సిన పని లేదు, రెండు మూడు వందల ఇళ్లకు కాలినడకన ఒకటికి నాలుగుసార్లు పోవచ్చు. నోట్ల పంపకం ముందు ఇది ఎప్పుడూ నిలుస్తుందని నేననను. ఓటుకు డబ్బివ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరాలే, కానీ ఆ నేరానికి శిక్ష పడడం మనం చూడడం లేదు. నిలబడే మనిషికి అయిదేళ్ల ముందు నుంచే వీధిలో పరిచయం ఉంటే ఆఖరి రాత్రి పంచే నోటు బలం తగ్గుతుంది. ఎన్నికల నెలలో మాత్రమే కనబడే అభ్యర్థికి ఆ రక్షణ ఉండదు.

మహిళా వార్డుల్లో భర్తలే పెత్తనం చేస్తారన్నది ఇంకో ఆక్షేపణ. రాజ్యాంగం మూడో వంతు సీట్లు మహిళలకు కేటాయించమంటే కర్ణాటక దాన్ని సగానికి పెంచింది. సభకు భార్య పేరు, సంతకానికి భార్య చేయి, మాటకు భర్త అన్న పరిస్థితి చాలాచోట్ల ఉందని ఒప్పుకుందాం. దానికి విరుగుడు రిజర్వేషన్ తీసేయడం అయితే, పురుష కౌన్సిలర్ల వెనక నిలబడి నడిపించే కాంట్రాక్టర్ల సంగతేమిటి? ఒకరి చేతిలో కీలుబొమ్మ కావడం ఆడవాళ్లకే రాసిపెట్టి లేదు. బళ్లారిలోనే 2021లో 21 ఏళ్ల వయసులో కార్పొరేటర్‌గా గెలిచిన త్రివేణి 2023 మార్చిలో 23 ఏళ్లకు మేయర్ అయ్యారు. ఆమె తల్లి కూడా మాజీ మేయరే కాబట్టి ఇది వారసత్వమేనని అనవచ్చు, ఆ మాటలో తప్పు లేదు. అయితే తల్లి నుంచి కూతురికి వచ్చిన వారసత్వం ఈ జిల్లా రాజకీయాల్లో ఇంతకుముందు ఎక్కడుంది? నన్ను ఎక్కువగా బాధించేది వేరొకటి. రిజర్వేషన్ ప్రతిసారీ మారుతుంది. ఒక మహిళ అయిదేళ్లలో కాగితం చదవడం, ఇంజనీరు వేసిన అంచనాను ప్రశ్నించడం నేర్చుకుంటుంది. తర్వాతి ఎన్నికకు ఆ వార్డు వేరే వర్గానికి పోతుంది, లేదా జనరల్ అవుతుంది. జనరల్ వార్డులో ఆడవాళ్లు నిలబడకూడదని ఏ చట్టమూ అనలేదు. పార్టీలు టికెట్ ఇవ్వకపోవడమే అసలు అడ్డం.

ఇక కుడతినికే చెందిన ఆక్షేపణ: మా భూములు పోయాయి, ఫ్యాక్టరీ రాలేదు, దీనికి వార్డు కౌన్సిలర్ ఏం చేస్తాడు? నిజం చెప్పాలంటే నేరుగా ఏమీ చేయలేడు. భూసేకరణ జరిగింది రాష్ట్ర చట్టం కింద, పరిష్కారం చూపాల్సింది విధానసౌధ, కోర్టులు. చేయగలనని చెప్పి ఓటడిగే అభ్యర్థిని నమ్మకూడదు. కానీ కౌన్సిల్ చేతిలో ఉన్నవాటి జాబితా చిన్నదేమీ కాదు. తాగునీరు, వీధిదీపాలు, చెత్త, కాలువలు, శ్మశానం, సంత, ఇంటి ప్లాను అనుమతి, ఆస్తి ఖాతా, పన్ను. ఏప్రిల్ ముగిసేలోపు కందాయం కడితే 5 శాతం తగ్గింపు ఉందన్న సంగతి ఎన్ని ఇళ్లకు తెలుసు? తెలియకపోతే వీధిలో చెప్పాల్సింది కౌన్సిలరే. వసూలైన ఆ పన్ను ఏ వీధి కాలువకు పోయిందో చెప్పాల్సిందీ అతనే. గ్రామసభ లేదు కాబట్టి ఈ లెక్క వినే చోటు కూడా ఊరే ఏర్పాటు చేసుకోవాలి. కౌన్సిల్ సమావేశం తీర్మానాలు, బడ్జెట్ కాగితాలు సమాచార హక్కు చట్టం కింద తీసుకోవచ్చు. ఓటడగడానికి వచ్చినప్పుడే, గెలిచాక ఏడాదికి రెండుసార్లు వార్డులో కూర్చుని లెక్క చెబుతావా అని అడగవచ్చు. చట్టం బలవంతపెట్టకపోయినా నలుగురి ఎదుట ఇచ్చిన మాటకు చిన్న ఊళ్లో విలువ ఉంటుంది, ఎందుకంటే మర్నాడు పొద్దున్నే అదే మనిషి అదే టీకొట్టు దగ్గర ఎదురుపడతాడు.

పోటీ ఎందుకు, పెద్దలంతా కూర్చుని ఏకగ్రీవం చేసుకుంటే ఊరు బాగుంటుందనే మాటా ఉంది. 2021లో ఆంధ్రప్రదేశ్‌లోని పులివెందుల, పుంగనూరు, మాచర్ల, పిడుగురాళ్లలో ప్రతి వార్డూ ఏకగ్రీవమే అయింది. అన్ని వార్డుల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా వేరే మాట చెప్పదలచుకోలేదని నమ్మడం కష్టం. పోటీ లేని వార్డులో పోలింగే జరగదు, నోటాకు కూడా చోటుండదు. గ్రామసభ లేని పట్టణంలో ఏకగ్రీవమంటే, జనానికి మిగిలిన ఒక్క ప్రశ్నాపత్రాన్నీ వెనక్కి తీసుకోవడమే.

అన్నిటికంటే గట్టి ఆక్షేపణ వేరే ఉంది: మేము ఓటేసినా పాలన మా ప్రతినిధుల చేతికి రాదు. దీనికి నా దగ్గర ఓదార్పు మాట లేదు. 2018 ఆగస్టు 31న కర్ణాటకలో వందకు పైగా పట్టణ సంస్థలకు ఓటింగ్ జరిగింది. గెలిచినవారు దండలు వేయించుకుని ఇంటికి పోయారు. అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవుల రిజర్వేషన్ జాబితా కోర్టుకెక్కడంతో ఆ పదవులకు ఎన్నిక 2020 చివరికి గానీ జరగలేదు. రెండేళ్లకు పైగా అధికారులే నడిపారు. అధ్యక్షుల మొదటి ముప్పై నెలల పదవీకాలం ముగిశాక మళ్లీ అదే కథ. రెండో విడత రిజర్వేషన్ 2024 ఆగస్టులో వచ్చింది. బళ్లారి కార్పొరేషన్ ఫలితాలు 2021 ఏప్రిల్ 30న వస్తే మేయర్ ఎన్నిక 2022 మార్చిలో. బెంగళూరు పాలికె గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికలే లేవు. గడువు ముగిసేలోగా ఎన్నికలు జరిపి తీరాలని 2006లో కిషన్ సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 మేలో సురేశ్ మహాజన్ కేసులో మళ్లీ చెప్పింది. ఓటింగ్ అయ్యాక అధ్యక్ష పదవిని ఖాళీగా పెట్టే ఎత్తుగడ మాత్రం ఆ తీర్పుల సందుల్లోంచి జారిపోతోంది. రాజ్యాంగం ప్రకారం అయిదేళ్ల గడువు మొదటి సమావేశం నుంచి లెక్క కాబట్టి కౌన్సిలర్‌కు పోయేది పెద్దగా లేదు. పోయేది ఓటరుకే, కొళాయి గురించి అడగడానికి మనిషి లేని ఆ రెండేళ్లు.

ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో ఆదర్శమేమీ కాదు. 2019లో గడువు ముగిసిన కౌన్సిళ్లకు అక్కడ 2021లో గానీ ఎన్నికలు పూర్తికాలేదు. అయితే ఛైర్మన్ పదవుల రిజర్వేషన్ పోలింగ్‌కు ముందే తేలిపోయింది కాబట్టి మార్చి 10న ఓట్లు పడితే 14న లెక్కించారు, 18న ఛైర్మన్లు కుర్చీలో కూర్చున్నారు. ఎనిమిది రోజులు. బళ్లారిలో ఫలితాల నుంచి మేయర్ దాకా దాదాపు పదకొండు నెలలు. అధ్యక్ష పదవి రిజర్వేషన్‌ను ఎన్నికల నోటిఫికేషన్‌కు ముందే ఖరారు చేయాలని, ఫలితాలొచ్చిన ఇన్ని రోజుల్లోగా మొదటి సమావేశం జరపాలని 1964 నాటి కర్ణాటక పురసభల చట్టంలో రెండు వాక్యాలు చేర్చాలి. దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు. కుడతిని ప్రాంతానికి ఓటడగడానికి వచ్చే ఎమ్మెల్యే అభ్యర్థులు ఏ పార్టీ వారైనా సరే, వాళ్ల చేతిలో ఉన్న పనే ఇది.